రెండు జాబితాలు ఎప్పుడు సమానం?

శ్రీకాకుళం జిల్లాలో పారే నదులేవని అడిగితే ఒకరు నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా అని చెబుతారు. మరొకరు బాహుదాతో మొదలుపెట్టి నాగావళితో ముగిస్తారు. ఇద్దరి సమాధానమూ ఒకటేనని ఒప్పుకోవడానికి మనకు అభ్యంతరం ఉండదు. విజయనగరం నుండి ఉత్తరంగా పోయే రైలు మార్గంలో స్టేషన్లు చెప్పమన్నప్పుడు మాత్రం చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, పలాస అన్న వరుస తప్పితే ఊరుకోము. ఊళ్ళు అవే అయినా మార్గం అది కాదు. ఇక ఓటర్ల జాబితా సంగతి వేరు. అందులో వరుస తారుమారైతే నష్టం లేదు గాని, ఒకే మనిషి రెండుమార్లు కనిపిస్తే అది తప్పుల జాబితా.

మూడు జాబితాలకు మూడు రకాల సమానత్వం. మాటల్లో చెప్పుకునేటప్పుడు ఏది ఎక్కడ వర్తిస్తుందో సందర్భమే తేల్చిపెడుతుంది. కంప్యూటరుకు సందర్భం తెలియదు. దానికి విప్పి చెప్పవలసిందే. ప్రోగ్రాములను పరీక్షించడానికి పుట్టిన ఉపకరణాలు ఈ విప్పి చెప్పడం నేర్చుకోవడానికి పదిహేనేళ్ళకు పైగా తీసుకున్నాయి. నేర్చుకున్న తరువాత కూడా చిక్కులు పూర్తిగా పోలేదు. ఆ కథే ఈ టపా.

ప్రోగ్రామింగుతో పరిచయం లేని మిత్రుల కోసం ఒక మాట. ప్రోగ్రాములోని చిన్న చిన్న భాగాలను విడివిడిగా పరీక్షించడానికి రాసే బుల్లి ప్రోగ్రాములను యూనిట్ టెస్టులంటారు. వాటికి ఆయువుపట్టు అసర్షన్ అనే వాక్యం. "ఫలితం ఇలాగే ఉండాలి" అని అది నొక్కి చెబుతుంది. అలా ఉంటే పరీక్ష నెగ్గినట్టు, లేకపోతే తప్పినట్టు. తప్పిన పరీక్ష వల్ల వచ్చే ప్రమాదం తక్కువ, ఎందుకంటే అది వెంటనే మన కంటబడుతుంది. తప్పవలసి ఉండి నెగ్గిన పరీక్షే అసలు ప్రమాదం. కాపలా ఉన్నదన్న ధీమాతో మనం తలుపు తెరిచి పడుకుంటాము.

* * *

ఈ ఉపకరణాల వంశవృక్షానికి మూలపురుషుడు కెంట్ బెక్. 1994లో ఆయన స్మాల్‌టాక్ భాష కోసం ఎస్‌యూనిట్ అనే చిన్న చట్రాన్ని రూపొందించి ప్రకటించాడు. 1997లో ఎరిక్ గామాతో కలిసి, జ్యూరిక్ నుండి అట్లాంటా వెళ్ళే విమానంలో కూర్చుని దానికి జావా రూపమైన జేయూనిట్‌కు శ్రీకారం చుట్టాడు. దానిని చూసి స్టీవ్ పర్సెల్ పైథాన్ భాషకు పైయూనిట్ రాశాడు. 2001 ఏప్రిల్‌లో వెలువడిన పైథాన్ 2.1తో అది యూనిట్‌టెస్ట్ అన్న పేరుతో ఆ భాషా గ్రంథాలయంలోనే చేరిపోయింది.

ఆ తొలినాళ్ళ చట్రానికి జాబితాల గురించి ప్రత్యేకమైన అభిప్రాయమేమీ లేదు. "ఇవి రెండూ సమానమా?" అని అడిగే అసర్ట్‌ఈక్వల్ ఒక్కటి ఉండేది. సమానత్వం అంటే ఏమిటన్న భారాన్ని అది భాష మీదకే నెట్టివేసేది. పైథాన్ భాష దృష్టిలో రెండు లిస్టులు సమానం కావాలంటే సభ్యులూ, వరుసా రెండూ కలవాలి. సెట్టులకు వరుస లేదు, పునరుక్తీ లేదు. లిస్టులో ఉన్నవే టపుల్ అనే మరో రకపు డబ్బాలో అదే వరుసలో పెడితే ఆ రెండూ సమానం కావు. నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. కాని పరీక్ష తప్పినప్పుడు ఆ చట్రం రెండు జాబితాలనూ మొత్తంగా పక్కపక్కన కుమ్మరించి, మధ్యలో "సమానం కాదు" అన్న గుర్తు పెట్టి ఊరుకునేది. రెండు వందల గ్రామాల జాబితాలో ఏ ఊరు తప్పిపోయిందో వెతుక్కోవడం పాఠకుడి ప్రారబ్ధం.

ఆ బాధ పడలేక ఎవరికి వారు సొంత సాధనాలు తయారు చేసుకున్నారు. గూగుల్ సంస్థ ఇంజనీర్లు తమ పరీక్షల కోసం రాసుకున్న వాటిని గ్రెగొరీ పి. స్మిత్, మైకేల్ ఫూర్డ్, పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ కలిసి యూనిట్‌టెస్ట్‌లో చేర్చారు. 2009లో వచ్చిన పైథాన్ 3.1, 2010లో వచ్చిన పైథాన్ 2.7లలో లిస్టుకొకటి, టపుల్‌కొకటి, సెట్టుకొకటి, నిఘంటువుకొకటి చొప్పున అసర్షన్లు వచ్చాయి. ఏ సభ్యుడు తప్పిపోయాడో, ఎవరు అదనంగా వచ్చి చేరారో అవి చూపించేవి.

* * *

"వరుసతో పనిలేదు, సభ్యులు ఒకటేనా చెప్పు" అని అడగవలసిన చోట అసలు కథ మొదలయింది.

3.1లో ఇందుకోసం పెట్టిన పేరు అసర్ట్‌సేమ్‌ఎలిమెంట్స్. "సభ్యులు అవేనా" అని దాని భావం. అది పునరుక్తిని లెక్కచేయదు. బొబ్బిలి, సాలూరు, సాలూరు అన్న జాబితాకూ, బొబ్బిలి, సాలూరు అన్న జాబితాకూ తేడా లేదంటుంది. నదుల పట్టికకు ఇది చక్కగా సరిపోతుంది. ఓటర్ల జాబితాకో, జీతాల చెల్లింపు పట్టికకో దీనిని వాడితే రెండుమార్లు చెల్లించిన జీతం చడీచప్పుడు లేకుండా పరీక్ష దాటిపోతుంది.

2.7 వచ్చేసరికి దాని స్థానంలో అసర్ట్‌ఐటమ్స్‌ఈక్వల్ వచ్చింది. ఇది పునరుక్తిని లెక్కిస్తుంది: సాలూరు ఇటు రెండుమార్లు ఉంటే అటూ రెండుమార్లు ఉండాలి. మంచి మార్పే. కాని ఆ సంగతి పేరులో ఎక్కడా లేదు. "సేమ్ ఎలిమెంట్స్", "ఐటమ్స్ ఈక్వల్" అన్న రెండు పేర్లనూ తెలుగులోకి మార్చి చూడండి, ఇంచుమించు ఒకటే వాక్యం వస్తుంది. పనితీరులో మాత్రం లెక్కల మాస్టారికీ, లెక్కలంటే పడనివాడికీ ఉన్నంత దూరం ఉన్నది.

ఈ అస్పష్టత తొలగించడానికే కాబోలు, 2011 ఫిబ్రవరిలో వచ్చిన పైథాన్ 3.2లో దానిని అసర్ట్‌కౌంట్‌ఈక్వల్ అన్నారు. ప్రతి సభ్యుడి లెక్కా సమానంగా ఉండాలన్నది వారి భావం. కాని ఆ పేరు మొదటిసారి చూసినవారికి తట్టేది వేరొకటి: రెండు జాబితాల పొడవూ సమానమా అని మాత్రమే ఇది చూస్తుందేమోనని! అలా అనుకుని సభ్యులను వేరేగా మళ్ళీ పోల్చినవారికి నష్టం లేదు, శ్రమ దండగ అంతే. పొడవు చూస్తే చాలుననుకుని వాడినవారికి మాత్రం అనుకోని చోట పరీక్ష తప్పి తికమక కలుగుతుంది. ఒకే ప్రశ్నకు మూడు పేర్లు మారాయి. మూడింటిలో ఏదీ "వరుస వద్దు, లెక్క కావాలి" అన్న చిన్న మాటను తిన్నగా చెప్పలేకపోయింది.

ఇది ఒక్క పైథాన్ బలహీనత కాదు. 2002లో పెర్ల్ 5.8తో పాటు వచ్చిన టెస్ట్‌మోర్‌లో ఈక్యూ సెట్ అనే ప్రమేయం ఉన్నది. పేరులో సెట్టు ఉన్నది గనుక పునరుక్తిని పట్టించుకోదని అనుకుంటాము. అది పట్టించుకుంటుంది. చారిత్రకంగా అలా జరిగిపోయిందే గాని ఇది నిజమైన సెట్టు పోలిక కాదని దాని పత్రాలే ఒప్పుకుంటాయి. అంటే సరిగ్గా తలకిందులు: పైథాన్‌లో సెట్టు పేరెత్తనిది సెట్టులా ప్రవర్తించింది, పెర్ల్‌లో సెట్టు పేరు పెట్టుకున్నది అలా ప్రవర్తించలేదు.

* * *

"ఇది అందులో ఉన్నదా?" అన్న ప్రశ్న ఇంతకంటె సులువని అనిపిస్తుంది. దాని కథా అంతే.

పైథాన్ 3.1, 2.7లలో వచ్చిన అసర్ట్‌డిక్ట్‌కంటెయిన్స్‌సబ్‌సెట్ "ఈ నిఘంటువు ఈ భాగాన్ని కలిగి ఉన్నదా" అని అడిగేది. పేరు చదివితే ముందు పెద్దది, తరువాత చిన్నది ఇవ్వాలనిపిస్తుంది. లోపల ఏర్పాటు దానికి విరుద్ధం: ముందు చిన్నది, తరువాత పెద్దది. కంటికి సరిగ్గా కనిపించే పరీక్ష తప్పేది, తప్పుగా కనిపించేది నెగ్గేది. ఈ కారణంగానే 3.2లో దానిని వాడవద్దన్నారు. 2023లో వచ్చిన 3.12లో పూర్తిగా తొలగించారు. ఇక్కడ మన భాష సౌలభ్యం గుర్తుకు వస్తుంది. "బొబ్బిలి విజయనగరం జిల్లాలో ఉన్నది" అన్నా, "విజయనగరం జిల్లాలో ఉన్నది బొబ్బిలి" అన్నా అర్థం చెడదు. ఏది దేనిలో ఉన్నదో "లో" అన్న విభక్తి కాపాడుతుంది. ప్రమేయానికి ఇచ్చే విలువలకు విభక్తులు లేవు, స్థానమే సర్వస్వం. ఆ స్థానం పేరుతో పొత్తు కుదరకపోతే అర్థం తలకిందులవుతుంది.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. పైథాన్ దృష్టిలో మాట కూడా అక్షర సంకేతాల వరుసే. "పలాస" అన్నది "పలాస-కాశీబుగ్గ" అన్న ఒక్క పేరున్న జాబితాలో ఉన్నదా? లేదు, ఎందుకంటే ఆ జాబితాలోని సభ్యుడు పూర్తి పేరు. అదే జాబితా రాయబోయి బ్రాకెట్లలో కామా మరచిపోతే అది జాబితా కాదు, ఉత్త మాట. అప్పుడు "పలాస" అందులో ఉన్నట్టే! "పురం" అన్నది పార్వతీపురంలోనూ ఉంటుంది, ఇచ్ఛాపురంలోనూ ఉంటుంది. పరీక్ష నెగ్గుతుంది. అది అడిగినది మనం అడగాలనుకున్న ప్రశ్న కాదు. అసర్ట్‌కౌంట్‌ఈక్వల్‌కు "రాజ", "రజా" అన్న మాటలిచ్చి చూడండి. ర, జ, దీర్ఘం అటూ ఇటూ ఒక్కొక్కటే గనుక రెండూ సమానమని తీర్పు చెబుతుంది.

పీహెచ్‌పీ భాషలోని పీహెచ్‌పీయూనిట్ ఈ రెండు ప్రశ్నలనూ చాలాకాలం అసర్ట్‌కంటెయిన్స్ అన్న ఒకే పేరు కింద నడిపింది. 2018లో వచ్చిన 7.5లో మాటల కోసం వేరే అసర్షన్ పెట్టారు. 2020లో వచ్చిన 9వ రూపంలో పాత దానిని మాటలకు వాడే వీలు తీసివేశారు. పాత రూపంలో మరో వింత ఉండేది. జాబితాలో వెతికేటప్పుడు అది పీహెచ్‌పీ వారి ఉదారమైన సమానత్వాన్ని వాడేది. పీహెచ్‌పీ 8 రాకముందు ఆ భాషలో సున్న అంకె, అంకెలతో మొదలుకాని ఏ మాటతోనైనా సమానమే. కనుక సాలూరు, బొబ్బిలి ఉన్న జాబితాలో సున్న ఉన్నదా అని అడిగితే, ఉన్నదనే జవాబు!

పవర్‌షెల్ భాషకు చెందిన పెస్టర్‌లో మూడవ రూపం దాకా "కంటెయిన్" అన్న అసర్షన్ జాబితా జోలికే పోకుండా ఫైలులోని పాఠంలో వెతికేది. 2017లో వచ్చిన నాలుగవ రూపంలోనే అది జాబితాలకు చెందినదయింది. ఫైలుకు వేరే పేరు పెట్టారు. అయినా అక్కడ భాషా స్వభావం ఒకటి మిగిలే ఉన్నది. పవర్‌షెల్ గొట్టంలోకి జాబితాను పంపితే అది విడిపోయి సభ్యులు ఒక్కొక్కరుగా బయటికి వస్తారు. ఒక్క ఊరున్న జాబితాకూ, ఉత్త ఊరి పేరుకూ అవతలి గట్టున తేడా తెలియదు. ఖాళీ జాబితాను పంపితే అవతలికి ఏమీ చేరదు.

ఖాళీ జాబితా అన్ని భాషలలోనూ దొంగే. "జాబితాలోని ప్రతి ఊరికీ పిన్‌కోడు ఉండాలి" అని రాసిన పరీక్ష, జాబితాలో ఒక్క ఊరూ లేనప్పుడు హాయిగా నెగ్గుతుంది. ఫైలు తెరుచుకోక జాబితా ఖాళీగా వచ్చినా సరే. పిల్లలెవరూ రాని బడిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అన్నట్టు.

* * *

ఇంతవరకు చెప్పినవి ఏ భాషవారికైనా వర్తించేవి. యూనికోడు తెలుగులో రాసుకునే మనకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి.

మొదటిది పైథాన్ 2 నాటిది. అందులో మాటలు రెండు రకాలు: బైట్ల మాట, యూనికోడు మాట. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన సాలూరు ఏ రకమైనా రెండూ సమానమే అనేది ఆ భాష. తెలుగు అక్షరాలతో రాసిన సాలూరు విషయంలో మాత్రం రెండు రకాలూ సమానం కావు, 2.5 నుండి ఒక హెచ్చరిక చేసి "కాదు" అని చెప్పేది, అంతకు ముందయితే దోషం చూపి ఆగిపోయేది. కనుక ఇంగ్లీషు పేర్ల జాబితాలతో పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రాము తెలుగు జాబితా దగ్గర చతికిలపడేది. ఉదాహరణలన్నీ ఇంగ్లీషులో రాసుకున్నంతకాలం ఆ లోపం ఎవరి కంటా పడేది కాదు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 రెండు రకాలనూ ఎప్పుడూ సమానం కావని ఖరాఖండీగా తేల్చి ఈ పక్షపాతాన్ని తొలగించింది.

రెండవది నేటికీ ఉన్నది. విజయనగరం ఇలవేల్పు పైడితల్లి పేరు తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడులో రెండు విధాల రాయవచ్చు: ఒకే సంకేతంగానో, ఎత్వం మీద ఐత్వపు గుర్తు కలిపి రెండు సంకేతాలుగానో. రెండూ ఒకటేనని యూనికోడు ప్రమాణమే చెబుతున్నది. పైథాన్ మాత్రం సంకేతాలనే చూస్తుంది గాని అక్షరాన్ని చూడదు. ఒక జాబితాలో ఒక విధంగా, రెండవ జాబితాలో మరో విధంగా ఉంటే పరీక్ష తప్పుతుంది. తేడా ఏమిటో చూపమంటే పైడితల్లి తప్పిపోయింది, పైడితల్లి అదనంగా వచ్చింది అంటుంది. రెండు పేర్లూ తెరమీద అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. పోల్చడానికి ముందు రెండింటినీ ఒకే ప్రమాణ రూపంలోకి మార్చుకోవడం ఒక్కటే దీనికి మందు. జాబితాల సమానత్వం చివరికి సభ్యుల సమానత్వం మీద ఆధారపడుతుందన్న మాట ఇక్కడ బాగా బోధపడుతుంది.

* * *

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక మిగిలేది, మనం ఎదురుచూస్తున్న జాబితా సరైనదేనా అన్న ప్రశ్న. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుండి విడివడి ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి తాలూకాలు ఉండేవి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఆ నాలుగూ అటు వెళ్ళిపోయాయి. జిల్లా పేరు మాత్రం శ్రీకాకుళమే. కనుక 1971, 1981 జనాభా లెక్కల్లో "శ్రీకాకుళం జిల్లా" అన్న రెండు వరుసలను యథాతథంగా పోల్చితే మనం పోల్చేది ఒకే ప్రాంతాన్ని కాదు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ అందులో చేరింది, రాజాం శ్రీకాకుళం నుండి విజయనగరం జిల్లాకు మారింది. అంతకు ముందురోజు దాకా సరిగ్గా ఉన్న పరీక్ష మర్నాటికి తప్పు పరీక్ష అయింది. జాబితాకు సభ్యులూ, వరుసా, లెక్కా ఉన్నట్టే తేదీ కూడా ఉంటుంది. ఏ అసర్షనూ ఆ తేదీని అడగదు.

ఈ చరిత్రను "ఫలానా భాష మంచిది, ఫలానాది చెడ్డది" అన్న తగవుగా చదవడం నాకు ఇష్టం లేదు. పైథాన్, పెర్ల్, పీహెచ్‌పీ, పవర్‌షెల్ వారంతా ఎదుర్కొన్నది ఒకటే సమస్య. "సమానం" అన్న మాట ఒక ప్రశ్న కాదు, కొన్ని ప్రశ్నల మూట. వరుస ముఖ్యమా? పునరుక్తి లెక్కా? డబ్బా రకం ఒకటే కావాలా? సభ్యులను దేనితో కొలవాలి? జాబితా ఏనాటిది? ఈ మూటను ఒక్క పేరులో కట్టిపెట్టాలని చూసిన ప్రతిసారీ ఎక్కడో ఒక ముడి ఊడింది. పాత పేర్లు పోయి కొత్త పేర్లు రావడమంటే ఆ మూటను కొంచెం కొంచెంగా విప్పడమే.

కనుక పరీక్ష రాసేవారు అసర్షన్ పేరు వెతుక్కునే ముందు ఆ ప్రశ్నలకు జవాబు ఒక్క తెలుగు వాక్యంలో రాసి చూసుకోవడం మేలు. "ఈ రెండింటిలో అవే పేర్లు, అన్నేసి సార్లు ఉండాలి, వరుసతో పనిలేదు, ఖాళీగా ఉండరాదు" అని రాయగలిగితే ఏ అసర్షన్ కావాలో దానంతటదే తేలుతుంది. ఆ తరువాత జాబితాలో కావాలని ఒక పేరు చెడగొట్టి, మరొక పేరు రెండుమార్లు రాసి, పరీక్ష తప్పుతున్నదో లేదో ఒకసారి కళ్ళారా చూడాలి. ఎన్నడూ తప్పని పరీక్ష ఏమి పరీక్షిస్తున్నదో ఎవరికీ తెలియదు.